కూలిన పట్నంల ఏడు నెలలు

ఆ పొద్దు భూమి కదిలిందంట. నాకు తెల్వదు, నేను నిద్రల ఉన్న. తెల్లారినంక మా అత్త చెప్పింది, అటక మీద గిన్నెలు గలగలమన్నయని. "పిల్లి అయ్యుంటది" అన్న నేను. మధ్యాహ్నానికి ఆత్మకూరు పోయొచ్చినోళ్లు రేడియోల విన్న సంగతి మోసుకొచ్చిన్రు. మహారాష్ట్రల భూకంపం వచ్చింది, ఇండ్లు పడ్డయి, చానమంది మనుషులు పోయిన్రు అని. అయ్యో అనుకున్నం. అనుకొని కలుపుకు పోయినం. అప్పటికది మాకు సంబంధం లేని సంగతి.

తొంభైల మొదట్ల మాట ఇది. నాకు ఇరవై ఏండ్లుంటయేమో. ఏడో తరగతి దాక చదువుకున్న, పెండ్లయి రెండేండ్లు. మా ఊరు ఆత్మకూరుకు నాలుగు మైళ్లు. మిద్దె ఎక్కితే కృష్ణ కనపడతది. నది గంత దగ్గరున్నా మా చేన్లకు మాత్రం మబ్బే దిక్కు, ఆ ఏడు మబ్బు ముఖం చాటేసింది. మా పాలమూరు మనుషులు ఎక్కడ కట్ట పోస్తే అక్కడికి, ఎక్కడ కాల్వ తవ్వితే అక్కడికి పోవుడు నేను పుట్టకముందు నుంచే ఉంది. మా నాయిన పోయిండు, మా మామ పోయిండు. అందుకే దీపావళి దాటినంక మేస్త్రి వచ్చి మా గుమ్మంల కూసుంటే ఎందుకొచ్చిండో అడగాల్సిన పని లేకుండె.

మేస్త్రి సాయబుల మనిషి. అరవై దగ్గర పడ్డయి. ఊరంత ఆయనను మామా అనేది. గోడ కడితే ఆయనే కట్టాలె, అంత పేరు. మనుషులను కూడగట్టి పనికి తోలుకపోవుడు గూడ చేసేది.

"పడ్డ ఇండ్ల మట్టి తియ్యాలె, కొత్తయి కట్టాలె. వానలు పడేదాక పని ఉంటది" అన్నడు.

మా ఆయన అడిగిండు, "భూమి మళ్ల కదులుతదేమో మామా?"

"కదులుతె గాడ కదలొచ్చు, ఈడ కదలొచ్చు. ఈడ పని లేదు, గాడ ఉంది. గంతే."

పదిమందిమి బయలెల్లినం. ఆత్మకూరు నుంచి బస్సుల మహబూబ్‌నగర్, స్టేషన్ల సగం రోజు మూటల మీద కూసొని రైలు, హైదరాబాదుల దిగినంక లారీ. రెండో రోజు పొద్దు వంగే యాళ్లకు చేరినం. ఆ పట్నం పేరు నేను రాయను. అక్కడోళ్ల బాధ వాళ్లది, పేరు పెట్టి నేను చెప్పుకునేది గాదు.

పట్నమంత నేలమట్టమై ఉంటదని అనుకున్న. గట్ల లేదు. బస్టాండు నిలబడే ఉంది. బస్సులొస్తున్నయి, కండక్టర్లు ఊర్ల పేర్లు పెట్టి అరుస్తున్నరు. పాత బజారు మలుపు తిరిగినంక మాత్రం గల్లీ ఏదో ఇల్లు ఏదో తెలుస్తలేదు. రాళ్ల కుప్పలు, కుప్పల నడుమ మనుషులు నడిచి నడిచి పడ్డ బాట. ఆ బాట పక్కన ఒక మంగలాయన కుర్చీ ఏసి గడ్డం గీస్తున్నడు. ఆయన ఎనక దుకాణం లేదు, తలుపు చౌకటొక్కటే నిలబడి ఉంది. అద్దం ఆ చౌకటికే తగిలిచ్చిండు. కుర్చీల కూసున్నాయన కండ్లు మూసుకొని, తొందర లేనట్టు మెడ ఎత్తి పెట్టిండు. భూకంపం వచ్చి అప్పటికి నెల దాటింది. ఏడ్చుడు అయిపోయింది వాళ్లది. నీళ్లు తెచ్చుకునుడు, లైన్ల నిలబడుడు, గడ్డం గీసుకునుడు, ఇయ్యి మిగిలినయి.

పత్తి మార్కెట్టు జాగల టార్పాలిన్లు కట్టుకొని మేముంటిమి. మర్నాటి నుంచే పని. మగోళ్లు గడ్డపారతోని, పారతోని తవ్వి తీస్తే ఆడోళ్లం తట్టలల్ల మోసేది. రాళ్లు ఒక దిక్కు, కట్టె ఒక దిక్కు, మట్టి ట్రాక్టర్ల. మొదటి రోజే మా ఆయన ఒక ఇరిగిన దూలం పట్టుకొని కొంచెంసేపు అట్లనే నిలబడ్డడు.

"ఏందయ్యా?" అన్న.

"మన ఇల్లే గదనే ఇది" అన్నడు.

నిజమే. రెండు మూరల మందం రాతిగోడ, మీద దూలాలు, దూలాల మీద మోకాటి ఎత్తు మట్టి. అచ్చం మా మిద్దెనే. ఎండకు చల్లగుంటదని, వానకు కురవద్దని మేము గూడ ఏడాదికోసారి మీద మట్టి పోస్తం. గా మట్టే నిద్రల ఉన్నోళ్ల మీద పడ్డది.

పీనుగులన్ని మేము రాకముందే మిలిటరోళ్లు తీసిన్రు. మాకు దొరికేటియి సామాన్లు. సొట్టపోయిన బిందెలు, కుట్టుమిషను, పలకలు, అద్దం పగిలిన దేవుని పటం, మడత ఇప్పని చీరలు. ఏది దొరికినా ఇంటోళ్ల చేతులనే పెట్టాలె. ఇంటోళ్లు గల్లీల స్టూలో రాయో ఏసుకొని పొద్దంత మా ఎదురుంగ కూసునేటోళ్లు. మేము తట్ట ఎత్తినప్పుడల్ల వాళ్ల కండ్లు తట్టల పడేటియి. పని కంటే ఎక్కువ ఆ చూపులకే నేను అలిసిపోయేది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి గొంతుల మట్టి. ఎన్ని నీళ్లు తాగినా పోయేది గాదు. ట్యాంకరు నీళ్లు మనిషికి రెండు చెంబులు.

మూడో వారంల మాకు పడ్డ గల్లీల ఒక ముసలామె ఉండె. మనిషి సన్నగ, కాశపోసి చీర, నుదురు మీద పాత పచ్చబొట్టు. అందరు ఆమెను ఆజీ అనేది, అంటే అవ్వ. మేము గూడ అట్లనే పిలిచినం. ఆమె కొడుకు, కోడలు ఇంట్ల పండుకొని ఆ మట్టి కిందనే పోయిన్రు. ఈమెకు దగ్గు. దగ్గితే కోడలు నిద్ర చెడతదని ఆకిట్ల మంచమేసుకొని పండుకుంది, అందుకు బతికింది. ఈ సంగతి ఆమె ఏడ్వకుంట చెప్పింది. ఉర్దూ కొంచెం వస్తది ఆమెకు. మేస్త్రి ఉర్దూల మాట్లాడితే సగం అర్థం చేసుకొని మిగిలింది మరాఠీల చెప్పేది.

ఆమె మిగిలిన ఇంటోళ్ల లెక్క తట్టలల్లకు చూసేది గాదు. ఒక మూల దిక్కే చెయ్యి చూపిస్తుండె. "జాతే, జాతే" అంటుండె.

మేస్త్రికి అర్థం కాలే. ఉర్దూల జాతే అంటే పోతం అని గదా. "ఎక్కడికి పోతవమ్మా?" అని అడిగిండు. ఆమెకు కోపమొచ్చింది. "జాతే! జాతే!" అని, ఇగ లాభం లేదని నేల మీద కూసుంది. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, కుడి చెయ్యి పిడికిలి పట్టి గుండ్రంగ తిప్పుకుంట ఎడమ చేతితోని గింజలు పోసినట్టు చేసింది.

"మామా, ఇసుర్రాయి!" అన్న నేను.

"హా పోరీ" అంది ఆమె నన్ను చూసి. పోరి అనే మాట మా దిక్కు గూడ ఉంది.

సంగతేందంటే, వాళ్లు గూడ మాలెక్క జొన్నరొట్టె తినే మనుషులు. సర్కారోళ్లు జొన్నలు పంచిన్రు. పిండిగిర్నీలు పడిపోయినయి, మిగిలిన ఒక్కటి పట్నానికి ఆ కొసన, కరెంటు ఉంటే నడుస్తది, లేకుంటే లేదు. దూరం నుంచి లారీలల్ల పంపిన బన్ను రొట్టెలు, ఇండ్లు పోయినోళ్లకు సర్కారు ఏసిన రేకుల షెడ్ల ముందర బూజు పట్టి పడి ఉండె. ఆమెకు గింజలున్నయి, పిండి లేదు.

ఆమె చూపించే మూలల వంటిల్లు ఉండెనంట. ఆ మూల గోడొక్కటి పడకుంట లోపలికి ఒరిగి నిలబడ్డది. సూపర్‌వైజరు దాని దగ్గరికి ఎవ్వరు పోవద్దన్నడు. మిషను వచ్చినంక కూలగొడతం అన్నడు. మిషను రేపొస్తది, ఎల్లుండొస్తది అన్నరు. పది రోజులైనా రాలే. ఆజీ రోజూ పొద్దున వచ్చి అక్కడనే కూసుంటుండె.

ఇగ ఇక్కడ నేను చేసిన పని చెప్పాలె. ఒకనాడు తినేటి యాళ్లకు సూపర్‌వైజరు హోటల్‌కు పోయిండు. నేను మా ఆయనతోని అన్న, "రెండు తట్టల మట్టి తీస్తే రాయి కనపడతది. ముసలామెను చూడబుద్ధయితలేదు."

"దానితోని మనకేం పని?" అన్నడు.

"పని లేదు. జర పోయి చూడరాదయ్యా."

ఆయన సగం తిన్న రొట్టె నాకిచ్చి గడ్డపార పట్టుకొని పోయిండు. గోడ పక్కకెల్లి వంగి రెండు మూడు దెబ్బలు ఏసిండో లేదో, ఒక్క కుదుపు. ఎడ్లబండి గుంతల పడ్డట్టు, గంతే. అట్లాంటి కుదుపులు వారానికోసారి వచ్చేటియి, ఆడోళ్లు అరిచేటోళ్లు, మళ్ల సప్పుడు గాకుంట పనిల పడేటోళ్లం. ఈసారి గోడ మీది వరస రాళ్లు ఊడినయి. ఆయన ఎనకకు దుంకిండు. కుడికాలు దుంకలేకపోయింది.

నేను అరిచిన్నో లేదో నాకు యాది లేదు. చేతుల ఆయన రొట్టె అట్లనే పట్టుకొని ఉరికిన, అది యాదికుంది. రాయి ఎత్తేదాక రొట్టె ఇడువలే.

దవాఖానంటే అప్పుడు డేరాలే. ఎక్కడికెల్లో వచ్చిన డాక్టరు పాదంల రెండు బొక్కలు ఇరిగినయని మోకాటి దాక సిమెంటు పట్టి ఏసిండు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నడు. సూపర్‌వైజరు డేరా దగ్గరికొచ్చి, పోవద్దన్న జాగల ఎందుకు పోయిన్రు, మాకేం సంబంధం లేదు అని ఒర్రిండు. మేస్త్రి ఆయన మీదికి లేచిండు. "పది రోజులాయె మిషను మిషను అనుకుంట. మిషను వచ్చుంటే పిలగానికి ఆ మూలల ఏం పనుండె?" అని. నేను ఎవ్వరి దిక్కు చూడలే. పోయిందెవరు, పంపిందెవరు నాకు తెలుసు.

మా ఆయన నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. తిట్టలే. తిడితే బాగుండు అనిపిచ్చింది. నీళ్లిస్తే తాగుతడు, రొట్టె పెడితే తింటడు, టార్పాలిన్ దిక్కు చూసుకుంట పండుకుంటడు. నేను ఆయన్ను ఒక్కన్నే ఇడిచి పొద్దంత పనికి పోయి, సాయంత్రం వచ్చి ఆ మౌనం ముందర కూసునేది. ఇంటికి పోదామా అంటే ఈ కాలుతోని లారీలెక్కి రైళ్లెక్కి పోవుడు ఎట్ల? పోయినా అక్కడ ఏముంది?

నాలుగో రోజు ఆజీ మా టార్పాలిన్ ముందర నిలబడ్డది. ఎవరి కాలో, ఎందుకు పోయిందో ఆమెకు ఎవరు చెప్పిన్రో. లోపలికి వంగి ఆయన్ను చూసింది. కింద పరిచిన సంచులను చూసింది. ఎనకకు మళ్లి ఎల్లిపోయింది. మళ్లొచ్చినప్పుడు ఇద్దరు మగోళ్లు, ఒక నులక మంచం ఆమె ఎంట. మమ్మల్ని అడగలే. ఆయన్ను మంచం మీదికెత్తి తన రేకుల షెడ్డుకు మోపిచ్చుకపోయింది. మా ఆయన మొహమాటానికి "వద్దు వద్దు" అంటుంటే ఆమె మరాఠీల ఏదో గదమాయించింది. మాట తెల్వకపోయినా సప్పుడు చేయొద్దని అర్థమైంది ఆయనకు.

ఇసుర్రాయి గప్పటికే షెడ్డుల ఉంది. గోడ రాళ్లు పడిపోయినయి గదా, భయం లేదని మర్నాడే మేస్త్రి తవ్వి తీసిండు. మీది రాయికి ఉండే కట్టె పిడి ఇరిగింది. ఇనుప చువ్వ ముక్క గుచ్చి గట్టిగ చేసిచ్చిండు. మా ఆయన మంచం మీద పండుకొని దాన్ని చూసి ముఖం అటు తిప్పుకున్నడు.

అట్ల పొద్దంత ఆయన ఆజీ షెడ్డుల, నేను పనిల. సాయంత్రం నేను గూడ అక్కడికే వచ్చేది. రేకుల షెడ్డంటే పగలు పెంక మీద కూసున్నట్టు, పొద్దు పోయినంక చలి. ఒక్క అర్ర, నడుమ ఆజీ పాత చీరె అడ్డం కట్టింది. పక్క షెడ్డుల ఎవరన్న దగ్గితే మనింట్ల దగ్గినట్టే. అట్లాంటియి వరసకు ఇరవై.

సంక్రాంతి దాటినంక పట్నం బయట కొత్త ఇండ్ల పని మొదలైంది. సిమెంటు ఇటుకలు, రేకులు, ఒక్కొక్క ఇల్లు ఒక్క అర్ర. మేస్త్రికి గోడ కట్టేటోళ్లు తక్కువైన్రు. ఒకనాడు నేను కలిపిన సిమెంటు మాలు మోసుకపోయి తట్ట దించంగనే తన తాపీ నా ముందర పెట్టిండు.

"పట్టు బిడ్డా."

"నేనా?"

"నీ మొగని జాగ ఖాళీగ ఉంది. నీకు చదువొచ్చు, కొలత అర్థమయితది. పట్టు."

మావోళ్లు నవ్విన్రు. ఆడది తట్ట మొయ్యాలె, తాపీ పట్టుడేందని ఒకాయన మొఖం మీదనే అన్నడు. ఇంకొకాయన తన పక్కన నిలబడి కట్టనన్నడు. మేస్త్రి ఆయన్ను ఇంకో గోడకు పంపిండు, గంతే. దారం కట్టుడు, గోడ నిలువుగుందో లేదో గుండు ఏసి చూసుడు, మాలు ఎంత పల్చగుండాలె, ఇటుకను ఎట్ల తట్టి కూసోబెట్టాలె, అన్ని చూపించిండు. నేను కట్టిన మొదటి గోడ నడుము ఎత్తుకొచ్చినంక గుండు ఏసి చూసి, "తియ్" అన్నడు. తీసిన. రెండోసారి గూడ "తియ్" అన్నడు. అప్పటికి చేతి ఏళ్లు సిమెంటుకు ఒరుసుకపోయి రక్తం కారుతున్నయి. మూడోసారి చూసి ఏమనకుంట పక్క గోడకు పోయిండు. ఆయన ఏమనకపోవుడే నాకు చాలైంది.

ఆ సాయంత్రం షెడ్డుకొచ్చిన. తలుపుకాడ నలుగురు ఆడోళ్లు చిన్న చిన్న గంపలు పట్టుకొని నిలబడి ఉన్నరు. లోపల గిరగిర సప్పుడు. తొంగి చూస్తే మా ఆయన నేల మీద పట్టి ఏసిన కాలు చాపుకొని కూసొని ఇసురుతున్నడు. మోచేతుల దాక పిండి. ఎదురుంగ ఆజీ గింజలు పోస్తుంది.

నన్ను చూసి చెయ్యి ఆపిండు.

"ఏందిది?" అన్న.

"ఏమో. ముసలిది పొద్దటి నుంచి ఒక్కతే ఇసురుతుంది. దగ్గు ఆగుతలేదు. చూడలేక ఒక చెయ్యేసిన. ఇగ ఇడుస్తలేదు" అన్నడు. చేతుల పిండి దులుపుకుంట, "ఇంటికాడ చెప్పకు" అన్నడు.

నెల దినాలకు ఆయన నాతోని అన్న మొదటి మాట ఇది. నేను నవ్వలే. నవ్వితే మళ్ల ఎన్ని రోజులు పట్టునో.

ఇగ అది ఆయన రోజు పనైంది. షెడ్ల వరసల ఎవరికి పిండి గావాలన్నా మా దగ్గరికే. ఇసిరిచ్చుకున్నోళ్లు పిడికెడు పిండి ఇడిచిపోయేది. ఆజీ దాన్ని రొట్టెలు చేసి మా ముగ్గురికి పెట్టేది. ఆమె రొట్టె మా రొట్టె కంటే పల్చన. నేను చేస్తే మందమని ముఖం చిట్లించేది. మా మనుషులు కొందరు వచ్చి చూసి, "ఏమోయ్, పెండ్లాం గోడ కట్టవట్టె, నువ్వు పిండి ఇసరవడితివి" అని ఎక్కిరించిన్రు. ఆయన తల ఎత్తకుంట ఇసురుకుంటనే ఉన్నడు. ఆ పూట రొట్టె సరిగ తినలే.

రోజులు గట్లనే నడిచినయి. అలుపు ఒక్క పనిది గాదు. అక్కడ ప్రతి మనిషి అలిసి ఉండె. పొద్దున ట్యాంకరు కాడ లైను, పేరు రాయించుకునే లైను, రాసిన పేరు తప్పు పడిందని మళ్ల లైను. జీపులల్ల వచ్చినోళ్లు ఆజీని బయటికి పిలిచి అడిగేటోళ్లు. ఎంతమంది పోయిన్రు, నువ్వెట్ల బతికినవ్, అప్పుడేమనిపిచ్చింది అని. మొదట్ల ఆమె చీర కొంగు సర్దుకొని అన్ని చెప్పేది. ఎండాకాలం వచ్చేసరికి ఆమె చెప్పుడు పొట్టిగైంది. ఒకనాడు ముగ్గురు వచ్చిన్రు, మెడల కెమెరా. ఆజీ వాళ్లను చూసి, నా భుజం మీద చెయ్యేసి, "పోరీ, నువ్వు చెప్పు" అని లోపలికి పోయి చీరె అడ్డం ఎనక పండుకుంది.

నేను చెప్పిన. తెలుగుల, మధ్య మధ్యల వచ్చీరాని ఉర్దూల. కొడుకు, కోడలు, దగ్గు, ఆకిట్ల మంచం. చెప్తుంటే నా కండ్లల్ల నీళ్లొచ్చినయి, ఆమెకు ఎన్నడు రాని నీళ్లు. వాళ్లు రాసుకొని, నా ఫోటో తీసుకొని ఎల్లిపోయిన్రు. లోపలికి పోతే ఆజీ నిద్రపోతుంది.

పట్టి కోసిననాడు మా ఆయన కాలు చూసి నేను తల తిప్పుకున్న. సన్నగై, పాదం కొంచెం బయటికి తిరిగి, ఇంకెవరిదో కాలు లెక్క ఉండె. డాక్టరు నడవమంటే నా భుజం పట్టుకొని నాలుగు అడుగులేసిండు. కుంటు పోదని డాక్టరు మొఖంలనే తెలుస్తుంది. డేరా బయట బల్ల మీద కూసున్నం. ఆయన కాలు రుద్దుకుంట అన్నడు.

"నువ్వడిగినవని గాదే. నేను గూడ రోజూ చూస్తుంటి ఆ ముసలిదాన్ని. పోవాలనిపిచ్చే పోయిన."

"మరి గన్ని రోజులు ఎందుకు మాట్లాడకపోతివి?"

"ఏం మాట్లాడాలె? కాలు పాయె."

లేచి నా భుజం అందిచ్చిన. ఇద్దరం షెడ్డుకు నడిచినం. మామూలుగైతే పావుగంట బాట. ఆ పూట రెండు మూడుసార్లు కూసుంటూ లేచుకుంటూ పోయినం.

మే నెలల కొత్త ఇండ్లకు చిట్టీలు తీసిన్రు. ఆజీకి చివరి వరసల వచ్చింది. ఆమెకు పోవాలని లేదు. బజారు దూరం, కొడుకును ఇడిచిన జాగ దూరం. "నా గల్లీల నాకొక రేకు ఎయ్యిండ్రి" అని అడిగింది గనీ ఎవరింటరు? సామాన్లంటే రెండు మూటలు, మంచం, ఇసుర్రాయి. బండి మీద ఏసుకొని మేమిద్దరం, మేస్త్రి కలిసి తోలుకపోయినం. తాళం తీస్తే లోపల సిమెంటు వాసన. ఆజీ నాలుగు గోడలు చెయ్యితోని తడుముకుంట ఒక చుట్టు తిరిగింది. తిరిగి నన్నడిగింది.

"నువ్వు కట్టింది ఏది?"

నాకు తెల్వదు. ఆ వరసల నేను చాన గోడలు కట్టిన. అన్ని ఒక్క తీరుగనే ఉంటయి. ఈ ఇంట్ల నా చెయ్యి పడ్డదో లేదో గూడ తెల్వదు. మేస్త్రి నా దిక్కు చూసిండు.

"ఇది" అని తలుపుకు ఎదురు గోడ చూపించిన.

ఆజీ మంచం తీసుకొచ్చి ఆ గోడకానిచ్చి ఏసుకుంది. ఆ అబద్ధానికి నేను ఎన్నడు బాధపడలే.

మృగశిర ముందర మేము బయలెల్లినం. ఆ పొద్దు పోయి చెప్పొద్దామని ఆజీ ఇంటికి పోతే తలుపు ఏసి ఉంది. ట్యాంకరు వచ్చిందంట. ఆ కొసన లైన్ల నిలబడి ఉంది, చంకల బిందె. మాకు లారీ యాళ్లయితుంది, ఆమెకు లైను ఇడిస్తే నీళ్లు దొరకయి. నేను చెయ్యెత్తిన. ఆమె గూడ చెయ్యెత్తి, మా ఆయన కాలు దిక్కు చూపించి, భద్రం అన్నట్టు తల ఊపింది. ఎనకున్నామె ముందుకు నూకింది. ఆజీ ఒక అడుగు జరిగింది. మళ్ల ఆమెను చూడలే. ఉత్తరం రాద్దామంటే ఏ భాషల రాయాలె?

ఊరికొచ్చినంక మా ఆయన దున్నలేకపోయిండు. ఒక్క పూట నాగలి పట్టి గట్టు మీద కూలబడ్డడు. ఏడాది తిరగకముందే మహబూబ్‌నగరుల కిరాయి అర్ర తీసుకున్నం. ఆయనకు ఒక గోదాం కాడ కాపలా పని దొరికింది. నేను పొద్దున్నే కూలోళ్ల అడ్డా మీద తాపీ పట్టుకొని నిలబడేది. పని చేయించుకునేటోళ్లు వచ్చి, "మేస్త్రి ఏడి?" అని అడిగేటోళ్లు. "నేనే" అంటే నన్నొకసారి చూసి పక్కోని దిక్కు పోయేటోళ్లు. మొదటి రోజు గట్లనే, రెండో రోజు గట్లనే. పదిహేను రోజులు ఊరికే నిలబడి ఎండెక్కినంక ఇంటికొచ్చిన. "తట్ట మోస్తవా?" అని అడిగినోళ్లున్నరు. పోయిన గూడ, తిండి గావాలె గదా.

పదహారో రోజు ఒక బడి సారు వచ్చిండు. రిటైరై ఇల్లు కట్టుకుంటున్నడంట. పైసలు సాలక ముందు పెట్టుకున్న మేస్త్రి మధ్యల ఇడిచిపోయిండు, బాతురూం గోడలు మిగిలినయి. నన్ను చూసి, "ఎక్కడ నేర్చుకున్నవమ్మా?" అని అడిగిండు.

చెప్పిన. భూకంపమొచ్చిన పట్నంల అని. ఆయన ఇంకేదో అడుగుతడు, ఎంతమంది పోయిన్రు, ఎట్లుండె అని అనుకొని లోపల్లోపల అలుపొచ్చింది నాకు.

"నిలువుగ కడతవా?" అన్నడు గంతే.

"గుండు ఏసి చూసుకోండ్రి సారు. వంకరుంటే పైసలియ్యకుండ్రి."

గోడ నిలువుగనే వచ్చింది. ఆ సారు ఇంకో ఇంటికి చెప్పిండు, వాళ్లు ఇంకొకరికి. అట్ల ఎనిమిదేండ్లు కట్టిన, నడుము పోయేదాక.